22 కమాన్ల మీద కూరగాయల సంత: మూసీ వెంట మూడు రోజులు

సంక్రాంతి ముందు మూడు రోజులు హైదరాబాద్‌లో ఒక్క వంతెన కోసమే తిరిగొచ్చామంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. "పురానా పూలా? కూరగాయలు అమ్ముతారు, అదేనా?" అన్నారు. అదే. పురానా పూల్ అంటే పాత వంతెన. కూరగాయలు అమ్మే ఆ వంతెన వయసులో చార్మినార్ కన్నా పెద్దది, హైదరాబాద్ ఊరికన్నా 13 ఏళ్ళు ముందుది. చూడాలనుకునేవాళ్ళకి పనికొచ్చేలా, మర్చిపోకముందే రాసి పెడుతున్నాం.

జనవరి 8, గురువారం: గోల్కొండ, లంగర్‌హౌజ్, కార్వాన్

చాలామంది నేరుగా వంతెన మీదికి వెళ్ళి, ఇరుకుగా ఉందని అయిదు నిమిషాల్లో తిరిగొస్తారు. గోల్కొండ నుంచి బయల్దేరి నదిదాకా వస్తేనే అది అక్కడ ఎందుకుందో తెలుస్తుంది. కోట నుంచి లంగర్‌హౌజ్, కార్వాన్ మీదుగా పురానా పూల్‌కి సుమారు 7 కిలోమీటర్లు. ఆటోలో వస్తే ఈ దారి కళ్ళకి ఆనదు. లంగర్‌హౌజ్ దాకా ఆటోలో వచ్చి, అక్కణ్ణుంచి నడవడం మంచిది.

1578లో ఈ వంతెన కట్టించిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. గద్దెనెక్కక ముందు ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు అక్కడే వంటబట్టింది. మన కవులు ఆయన్ని 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. ఆయన కాలానికి కోట లోపల జనం కిక్కిరిసిపోయారు, నీళ్ళకి కటకట. సరుకు మచిలీపట్నం రేవుకి పోవాలంటే మూసీ దాటాలి. వేసవిలో బళ్ళు ఇసుకలోంచి పోతాయి, వానాకాలంలో ఒడ్డునే ఆగిపోతాయి. వంతెన అవసరం అదీ.

మరి భాగమతి కథ? ప్రియురాలి కోసం వరద నదిలోకి గుర్రం దూకించిన రాకుమారుణ్ణి చూసి భయపడి తండ్రి వంతెన కట్టించాడన్న కథ ఇక్కడ ఆటో ఎక్కిన ప్రతివాళ్ళకీ చెబుతారు. లెక్క చూడండి. ఆ రాకుమారుడు మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యేనాటికి పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడు. కట్టడం మొదలయ్యేనాటికి ఇంకా చిన్నవాడు. కథ తియ్యనిదే, కాదనం. కాని బళ్ళవాళ్ళు, వర్తకులు, రేవుకి పోయే సరుకు కలిసి కట్టించుకున్న వంతెనని ఆ కథ మూసేస్తోంది.

లంగర్‌హౌజ్‌లో బాపూ ఘాట్ దగ్గర ఆగాలి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హిమాయత్‌సాగర్ వైపు నుంచి వచ్చే ఈసీ కలిసేది ఇక్కడే. 1948లో గాంధీజీ అస్థికలు కలిపినదీ ఇక్కడే. రెండు ఏరుల నీళ్ళు ఒక్కటై పురానా పూల్ కిందికి పోతాయని ఇక్కడ నిలబడి చూసినవాళ్ళకి మూడోరోజు వరద సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

కార్వాన్ అంటే బిడారు, సరుకుతో కలిసి సాగే వర్తకుల గుంపు. వజ్రాల బేరగాళ్ళు, సానపెట్టేవాళ్ళు దిగిన పేట ఇది. ఇప్పుడు వెల్డింగ్ షాపులు, పాల దుకాణాలు. గల్లీల మధ్య తోలీ మసీదు ఉంది. అబ్దుల్లా కుతుబ్ షా దర్బారులోని మూసా ఖాన్ 1671లో కట్టించాడు. మక్కా మసీదు పనికి ఖర్చయిన ప్రతి రూపాయికి ఒక దమ్డీ (అతి చిన్న నాణెం) చొప్పున తన వంతు తీసుకుని, ఆ డబ్బుతో కట్టాడని చెప్పుకుంటారు, అందుకే దమ్డీ మసీదు అనీ అంటారు. ముందు అయిదు కమాన్లు, లోపలి వరసలో మూడు. గచ్చుపని దగ్గరగా చూడండి. రేపు వంతెన రాళ్ళ మధ్య కనబడే సున్నం కూడా ఈ జాతిదే, అక్కడ బరువు మోస్తుంది, ఇక్కడ పువ్వులు పూసింది. నమాజు వేళలు తప్పించి వెళ్ళాలి, చెప్పులు బయటే.

ఇక్కడ దారి తప్పడం ఖాయం. ఫోన్లో మ్యాపు నది ఒడ్డునే నడిచిపొమ్మంటుంది. జియాగూడ వైపు ఆ గల్లీలు మేకల మండీ గోడకి వెళ్ళి ఆగిపోతాయి. "పూల్ కిధర్?" అని అడిగితే ఒకాయన దిగువనున్న ఇంకో వంతెన నయాపూల్‌కి పోయే బస్సు చూపిస్తాడు, ఇంకొకాయన పురానా పూల్ పక్కనున్న వాహనాల వంతెన చూపిస్తాడు. "పురానా పూల్ దర్వాజా" అనాలి. అప్పుడు అందరూ ఒకే వైపు చెయ్యి చాపుతారు.

సాయంత్రం ధూల్‌పేట. సంక్రాంతి వారంలో ఈ పేట అంతా కాగితమే. ఇంటి అరుగుల మీదే పతంగులు అతుకుతుంటారు. నిలువు పుల్లని ఠడ్డా అంటారు, విల్లులా వంచే పుల్లని కమాన్ అంటారు. వెదురుని గాజుపెంకుతో గీకి, రెండు కొసలూ సమానంగా వంగుతున్నాయా లేదా అని వేలి మీద నిలబెట్టి చూస్తారు. ఒక పక్క బరువైతే పతంగి ఆ పక్కకే తిరిగి పడుతుంది. విల్లు, తలుపు మీది వంపు, వంతెన కింది వంపు, అన్నింటికీ హైదరాబాద్‌లో ఒకటే మాట, కమాన్. రకాన్ని బట్టి పది రూపాయల నుంచి పతంగి దొరుకుతుంది. నైలాన్ మాంజా అడగొద్దు. నిషేధం ఉంది, మెడలు తెగుతున్నాయి. నూలు మాంజా అడిగితే ఇస్తారు.

జనవరి 9, శుక్రవారం: పురానా పూల్

పొద్దున ఏడుకల్లా దర్వాజా దగ్గర ఉండాలి. తొమ్మిది దాటితే సందు దొరకదు. ఆసఫ్‌జాహీల (నిజాముల) తొలినాళ్ళలో ఊరి చుట్టూ పూర్తయిన ప్రహరీకి 13 దర్వాజాలుండేవి. మిగిలినవి రెండే: ఇదొకటి, దబీర్‌పురాది ఇంకొకటి. వంతెన దిగి దక్షిణం ఒడ్డున ఊళ్ళోకి అడుగుపెట్టే చోట ఉంది దర్వాజా. గోల్కొండ నుంచి వచ్చేవాళ్ళకి ఊరి మొదటి ముఖం ఇదే.

వంతెన మీద బళ్ళు తిరగవు. వాహనాలకి పక్కన వేరే వంతెన ఉంది. పాతదాని మీద రెండు పక్కలా కూరగాయల గంపలు, గోనెపట్టాలు, పైన నీలం టార్పాలిన్లు. పుంటికూర, గంగవాయిలి కూర, చుక్కకూర, మెంతికూర తడి గోనెల మీద ఆరబోసి ఉంటాయి. "పుంటికూర పది రూపాలకు మూడు కట్టలు, తీస్కో బిడ్డా" అంటుంది ఒకావిడ, పక్కావిడతో ఉర్దూలో మాట్లాడుతూనే. బేరం రెండు భాషల్లోనూ నడుస్తుంది. పావుకిలో అడిగితే విసుక్కోరు. పెద్ద నోటు ఇస్తే మాత్రం చిల్లర కోసం నాలుగు గంపల అవతలికి వెళ్తుంది. పదులు, ఇరవైలు పెట్టుకుని వెళ్ళాలి. ఫొటో తీయాలంటే ముందు ఏదైనా కొనండి, తర్వాత అడగండి. అడగకుండా తీస్తే మొహం తిప్పేసుకుంటారు, న్యాయమే.

కొలతలు ఇవి: పొడవు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు, నది అడుగు నుంచి ఎత్తు 54 అడుగులు, కమాన్లు 22. సగటు తీస్తే ఒక్కో కమానుకి దాని స్తంభంతో కలిపి 27 అడుగులు వస్తుంది. ఖాళీగా ఉంటే మూడు నిమిషాల్లో దాటొచ్చు, సంతలో పావుగంట. నిజానికి పైన నడుస్తున్నంతసేపూ ఇది వంతెన అనిపించదు, ఒక బజారు అనిపిస్తుంది అంతే. కమాన్లు చూడాలంటే పక్క వంతెన మీదికి పోవాలి. ఎగువ ముఖం పడమటి వైపు, సాయంత్రం ఎండ దాని మీద పడుతుంది. దిగువ ముఖానికి పొద్దుటి వెలుగు. నీళ్ళ వాసన ఘాటుగానే ఉంటుంది, ముఖ్యంగా ఎండెక్కాక.

ఇక ఇది ఎలా నిలిచింది? ముందు కమాను సంగతి. కలపతో వంపు చట్రం నిలబెట్టి, రెండు పక్కల నుంచీ రాళ్ళు పేర్చుకుంటూ వస్తారు. నడినెత్తిన చివరి రాయి పడేదాకా బరువంతా చట్రానిదే. ఆ రాయి బిగిశాక, సున్నం గట్టిపడ్డాక చట్రం తీస్తారు. అప్పటినుంచి రాయి రాయిని నొక్కుకుంటూ బరువుని స్తంభాల్లోకి దించుతుంది. గుండ్రటి కమాను పక్కలకి ఎక్కువ తోస్తుంది. కుతుబ్‌షాహీల కొనదేలిన కమాను ఆ తోపుని కాస్త కిందికి మళ్ళిస్తుంది. అయినా కొంత తోపు పక్కలకి పోనే పోతుంది. ఒక కమాను తోపుని పక్క కమాను ఎదురు తోపు ఆపుతుంది. అందుకే వరస వంతెనలో ఒక స్తంభం కూలితే పక్కది కూడా ప్రమాదంలో పడుతుంది. స్తంభాలు అంత లావుగా కట్టడం ఈ భయంతోనే.

రాళ్ళ మధ్యది డంగు సున్నం. సున్నపురాయిని కాల్చి, నీళ్ళలో చంపి, గోతిలో కనీసం రెండు వారాలు నానబెడతారు. తర్వాత ఒక వంతు సున్నానికి రెండు మూడు వంతుల ఇసుక కలిపి, ఎద్దు తిప్పే రాతి గానుగలో వెన్నలా నూరతారు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తారు. పాత మేస్త్రీలు వేళ్ళ మధ్య రుద్ది చూస్తారు, పలుకు తగిలితే ఇంకా నూరాలి. నానకుండా మిగిలిన సున్నపు పలుకు గోడలో పడ్డాక చెమ్మ తగిలి ఉబ్బుతుంది, ఆ చోట పెచ్చు లేస్తుంది. డంగు సున్నం గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా, ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది. రాళ్ళు ఎండకి వెంట్రుకవాసి కదిలినా తాను కూడా కదులుతుంది, చెమ్మని బయటికి వదిలేస్తుంది. అలాంటి గోడకి పైన సిమెంటు పూస్తే లోపలి తడికి దారి ఉండదు. అది రాతి ముఖాన్ని పొరలుగా ఊడదీస్తుంది. పాత కట్టడాల మీద బూడిదరంగు అతుకు ఎక్కడ కనబడినా దాని అంచున చూడండి, పెచ్చు లేచే ఉంటుంది. శ్రద్ధతో చేసిన పనికి తొందరపాటు మరమ్మతు చేసే చేటు అది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రెండో శత్రువు రావిచెట్టు. పిట్ట రెట్టలో గింజ వచ్చి సందులో పడితే చాలు, వేరు సున్నాన్ని తింటూ రాళ్ళని విడదీస్తుంది. పైన కొమ్మలు నరికితే మళ్ళీ చిగురిస్తుంది. వేరు మొదలంటా తీసి, ఆ బొరియని మళ్ళీ సున్నంతోనే నింపాలి. మూడోది కంటికి కనబడదు. వరద నీళ్ళు స్తంభం చుట్టూ సుళ్ళు తిరిగి దాని అడుగున ఇసుకని తోడేస్తాయి. పైన పగులు కనబడేసరికి కింద గొయ్యి పడిపోయి ఉంటుంది. కమాన్ల కింద చెత్త, పూడిక పేరుకుంటే ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే అంత నీరూ మిగిలిన కమాన్ల గుండా మరింత వేగంగా పోవాలి.

1820 వరదలో ఈ వంతెన దెబ్బతింటే మూడో నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908 వరద తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మరోసారి.

ఉత్తరం ఒడ్డున మియాఁ మిష్క్ మసీదు చూడకుండా రావొద్దు. తానీషా కాలంలో, 1678లో కట్టించింది అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) నుంచి వచ్చిన మాలిక్ మిష్క్. మసీదు, బాటసారులు దిగే సరాయి, దుకాణాలు కలిపి కట్టాడు. రాత్రికి నది దాటలేని బిడారు ఆగడానికి చోటు, ఆ రాబడితో మసీదు ఖర్చు. దారి, వంతెన, సరాయి మూడూ ఒకే ఆలోచనలో భాగాలని ఇక్కడ నిలబడితే కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దం నడుమ ఈ దారినే వచ్చాడు. ఈ వంతెన మా పారిస్‌లోని పోన్ నెఫ్‌కి అందంలో పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. పోన్ నెఫ్‌కి శంకుస్థాపన జరిగింది 1578లో, అంటే మన వంతెన ఏడాదిలోనే. అది పూర్తయ్యేసరికి 1607 అయింది. ఆ పేరుకి అర్థం 'కొత్త వంతెన', అంటే నయాపూల్! ఇవాళ పారిస్‌లో నిలిచి ఉన్న వంతెనల్లో అదే అన్నిటికన్నా పాతది. మనది పురానా పూల్ అయింది, మరో నయాపూల్ పుట్టడం వల్ల. రెండూ ఒక ఈడువి. దాన్ని చూడటానికి ప్రపంచమంతా వెళ్తుంది. దీని చివర, గోడకి ఎవరు కట్టారో చెప్పే పలక కోసం వెతుక్కోవాలి.

పొద్దుటి ఆకలికి నహారీ, కుల్చా. చలికాలం పొద్దున ఆ వేడి పులుసులో కుల్చా ముంచుకుంటే మధ్యాహ్నం దాకా ఇంకేం అక్కర్లేదు. ఎనిమిదిన్నర దాటితే గిన్నె అడుగంటుతుంది. ఇరానీ చాయ్ పాతిక రూపాయల లోపే. సాసర్‌లో పోసుకు తాగినా ఎవరూ వింతగా చూడరు.

జనవరి 10, శనివారం: నయాపూల్, చాదర్‌ఘాట్, చింతచెట్టు

పురానా పూల్ తర్వాత మూసీ మీద రెండో వంతెన 1831లో గాని రాలేదు. అంటే 253 ఏళ్ళు నదికి ఇదొక్కటే. రెండోది చాదర్‌ఘాట్. మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన కర్నల్ జేమ్స్ ఆలిఫాంట్ కట్టించాడు, బ్రిటిషు రెసిడెన్సీకి దగ్గరగా. ఆ రెసిడెన్సీయే తర్వాత కోఠీ మహిళా కళాశాల అయింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. తర్వాత అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో నయాపూల్, 19వ శతాబ్దం చివర ముస్లింజంగ్ పూల్ వచ్చాయి. ఎగువ నుంచి దిగువకి వరస ఇది: పురానా పూల్, ముస్లింజంగ్ పూల్, నయాపూల్, చాదర్‌ఘాట్. ఈ వరస మనసులో పెట్టుకుని ఒడ్డు వెంట నడవండి, మొత్తం మూడు నాలుగు కిలోమీటర్లే. ముస్లింజంగ్ పూల్ దగ్గర ట్రాఫిక్ తప్ప ఆగి చూసేదేమీ లేదు. నయాపూల్ మీద ఆగాలి: ఒక ఒడ్డున హైకోర్టు ఎర్రరాతి గుమ్మటాలు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి.

1908 సెప్టెంబరు 28. శంషాబాద్‌లో 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. ఎగువన చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది, అది తట్టుకోలేదు. గొలుసుకట్టు చెరువులకి ఉన్న బలమే ఆ రాత్రి శాపమైంది. మొత్తం 200కి పైగా చెరువులు తెగి, మూసీ, ఈసీ కలిసి ఊరి మీద పడ్డాయి. దాదాపు 15,000 మంది పోయారని లెక్క చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ ఆ నీళ్ళలో పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు.

నయాపూల్, ముస్లింజంగ్ పూల్, చాదర్‌ఘాట్, మూడూ తెగాయి. పురానా పూల్ దెబ్బలు తిని నిలిచింది. ఆ తర్వాత ఊరి రెండు ముక్కలకీ మధ్య మిగిలిన దారి అదొక్కటే. రాతి వంతెన వరదలో పోయే తీరు ఒకటుంది. కొట్టుకొచ్చిన చెట్లు, ఇళ్ళ కప్పులు కమాన్లకి అడ్డం పడతాయి. వెనక నీళ్ళు ఎత్తుకుంటాయి. చివరికి పైనుంచి పొర్లి, రెండు చివర్లా ఒడ్డు మట్టిని కోసేస్తాయి. వంతెన ఎంత ఎత్తుగా ఉంటే అంత ఆలస్యంగా ఆ గడియ వస్తుంది. 54 అడుగుల ఎత్తు ఎందుకని అడిగేవాళ్ళకి జవాబు ఆ రాత్రి దొరికింది.

1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. వరదని ఊళ్ళో ఆపలేం, ఎగువనే పట్టుకోవాలన్నది ఆయన సలహా. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొదటిరోజు బాపూ ఘాట్‌లో చూసిన రెండు ఏరులకీ రెండు తాళాలన్నమాట. తాళం తీస్తే ఏమవుతుందో 2025 సెప్టెంబరులో చూశాం. రెండు జలాశయాల గేట్లూ ఎత్తాక మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి. బస్ స్టేషన్ ఉన్నది నది కడుపులో మరి.

చాదర్‌ఘాట్ నుంచి వెనక్కి రావడానికి మెట్రో ఉంది. నడవగలిగితే ఒడ్డు వెంటే నడిచి అఫ్జల్‌గంజ్ చేరండి. మదీనా చౌరస్తా దగ్గర లుఖ్మీ దొరికితే వదలొద్దు. చతురస్రంగా, ఖీమా కూరి, పొరలు పొరలుగా వేయించింది. చేతిలోకి తీసుకోగానే అంచు విరిగిందంటే తాజాది, వంగిందంటే పొద్దుటిది.

చివరికి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు. 1908లో ఈ ఆసుపత్రి భవనం లేదు, అది 1925 నాటిది. చెట్టు మాత్రం ఉంది. ఆ రోజు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. గేటు దగ్గర "పాత చింతచెట్టు" అంటే దారి చూపిస్తారు. ఇది ఆసుపత్రి, రోగుల చుట్టాలు ఉండే చోటు, కెమెరా బయటికి తీసేముందు చుట్టూ చూసుకోవాలి. మాను కాండం బొరియలు పడి, మెలికలు తిరిగి, కింది కొమ్మలు నేలకి దగ్గరగా వంగి ఉంది. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు. నారాయణపేట చీర కట్టుకున్న పెద్దావిడ చెట్టు మొదట్లో టిఫిన్ గిన్నె విప్పి, మనవడికి పప్పన్నం కలిపి పెడుతోంది. లోపల కొడుకుని చేర్చారట. "కూసోండ్రి, నీడకు" అని కాస్త పక్కకి జరిగింది.